తప్పులేని హిందీ

తాడేపల్లిగూడెం,
జూన్ 14.

రత్నమాల పిన్ని గారికి,
విజయదుర్గ నమస్కారాలు.

ఫోనులో అయితే మీరు రెండో మాటకే "సరే, ఉంటానమ్మా" అనేస్తారు. ఉత్తరమైతే నాలుగు పేజీలు రాస్తారు. అందుకే నేను ఈ అలవాటు మానను. "రైలెక్కితే గంటలో ఏలూరులో ఉంటావు, ఈ స్టాంపులెందుకు" అని మీ అల్లుడుగారు నవ్వుతూనే ఉంటారు.

ఇక్కడ అందరం క్షేమం. ఆయన ఉల్లిపాయల కమిషన్ కొట్టు మామూలుగా సాగుతోంది. నా డి.టి.పి. షాపుకి మాత్రం ఈ మధ్య మంచి పని తగిలింది. మండవల్లిలో చేపల ప్యాకింగ్ షెడ్డు నడిపే నరసరాజు గారని చెప్పాను కదండీ, ఉత్తరాదికి వెళ్ళే లారీలకి హిందీ కాగితాలు నా దగ్గరే కొట్టించుకుంటారు. ఆయన దగ్గర నా నంబరు తీసుకుని సక్సేనా అనే ఆయన ఢిల్లీ నుంచి ఫోను చేశారు. మోసాల గురించి జనాన్ని హెచ్చరించే సీరియల్ తీస్తున్నారట. చేత్తో రాసిన డైలాగుల కాగితాలు ఫొటోలు తీసి పంపుతున్నారు. వాటిని టైపు చేసి, తప్పులు దిద్ది పంపాలి.

పాత ఫాంటులోనే కావాలన్నారు, ప్రింటు తీసే మనిషికి అదే అలవాటట. నాకు ప్రాణం లేచివచ్చింది. కీల మీద గుడ్డ కప్పి హిందీ టైపు మిషన్ మీద మీరు నేర్పిన వరసే ఆ ఫాంటుకీ ఉంది. ‘క’ ఎడమచేతి నడిమి వేలికి, ‘ర’ కుడిచేతి చూపుడు వేలికి. ఇప్పటి పిల్లలెవరికీ ఈ వరస రాదు. నా వేళ్ళు మాత్రం మరిచిపోలేదు పిన్నీ.

చిక్కల్లా ఎక్కడంటే, ఫోనుల్లో చదువుకోవడానికి అదే కాగితాన్ని కొత్త ఫాంటులోకి మార్చి కూడా ఇవ్వాలి. హిందీలో అక్షరం నెత్తిన కొక్కెంలా కూర్చునే ‘ర’ ఉంది కదా, టైపు మిషన్ వరసలో దాన్ని ఆ అక్షరం తరవాత కొడతాం. కొత్త పద్ధతిలో అది ముందుండాలి. మార్చే సాఫ్ట్‌వేరు తికమకపడి కొక్కేన్ని పక్క అక్షరం నెత్తిన పెట్టేస్తోంది. మాట మాటా చూసుకోవలసి వస్తోంది.

మీతో ఒక సందేహం తీర్చుకోవాలి. ఇందులో పాత్రలకి పేర్లు లేవు. ఒకరు ‘అధికారి’, ఇంకొకరు ‘ఎదుటి మనిషి’. ఆ అధికారి పెద్దావిడతో "ఆప్ కిసీ కో మత్ బతానా" అంటాడు. చెవికి ఎక్కడో ఎబ్బెట్టుగా ఉంది. ఎలా దిద్దమంటారు?

మీ
విజయదుర్గ


ఏలూరు,
జూన్ 19.

చి. విజయదుర్గకు పిన్ని ఆశీస్సులు.

నీ చెవి సరిగ్గానే చెప్పింది. ‘ఆప్’ అని పిలిచినవాడు ‘మత్ బతానా’ అంటే కోటు తొడుక్కుని లుంగీ కట్టినట్టుంటుంది. "కృపయా కిసీ కో న బతాఎఁ" అని వెయ్యి. దయచేసి ఎవరికీ చెప్పకండి. నాటకంలో కూడా అదే బాగుంటుంది. అధికారి అరిస్తే వినేవాళ్ళకి కోపం వస్తుందమ్మా, భయం రాదు. మా హెడ్‌మాస్టరు ఒకాయన ఉండేవారు. "కొంచెం లోపలికి వస్తారా" అని మెల్లిగా పిలిస్తే చాలు, అడగకుండానే తప్పులన్నీ ఒప్పేసుకునేవాళ్ళం.

అన్ని కాగితాలూ ఆ పద్ధతిలో సరిచెయ్యి. డబ్బు తీసుకుని తప్పుల హిందీ ఇచ్చావంటే చెడేది నా పేరు.

కానీ పేర్లు లేని మనుషులతో సీరియల్ ఏమిటి? అమ్మకో అత్తకో పేరుండదూ? ఆ సక్సేనాని అడుగు.

నా కాలక్షేపానికి లోటు లేదు. హిందీ మధ్యమ పరీక్షకి కట్టిన పిల్లలు సాయంత్రం వస్తున్నారు. ఎదురింటి శేషారత్నం రోజూ పాలు తెచ్చి ఇచ్చి, ఆ వంకన ఓ అరగంట కూర్చుని వెళుతోంది. మీ బాబాయి పోయాక ఈ ఇల్లు ఇంత సందడిగా ఉండటం ఇదే.

ఆశీస్సులతో
పిన్ని


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 2.

పిన్ని గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే అన్నీ మర్యాదగా దిద్ది పంపాను. సక్సేనా చాలా మెచ్చుకున్నారు. "ఇప్పుడు నిజమైన ఆఫీసరు మాట్లాడినట్టుంది" అన్నారు. కానీ పిన్నీ, నాకు మనసులో ఏదో బాగోలేదు.

ఆ తరవాత వచ్చిన కాగితాల్లో రెండు వరసలున్నాయి. ఎడమ పక్క ఎదుటి మనిషి ఏం చేస్తే, కుడి పక్క అధికారి ఏం అనాలి అని. ‘ఏడిస్తే’ అని ఉంది, దానికెదురుగా ‘మంచినీళ్ళు తాగమనాలి, అమ్మా అని పిలవాలి’. ‘కొడుకుని అడగాలంటే’ అని ఉంది, దానికెదురుగా ‘కొడుకుని కూడా అరెస్టు చెయ్యాల్సి వస్తుందని విచారంగా చెప్పాలి’. ‘ఇంట్లో పోలీసు ఉద్యోగి ఉన్నారంటే ఫోను పెట్టేయాలి’. సీరియల్‌లో ఇలా అయితే అలా, అలా అయితే ఇలా అని రాస్తారా అండీ? అడిగితే "నటులు సొంతంగా మాట్లాడతారు మేడమ్" అన్నారు.

ఇంకొకటి. మొదటి పేజీలోనే ఒక తప్పు దొర్లిపోయింది. ‘నిర్దేశ్’ అన్న మాటలో ‘దే’ నెత్తిన ఉండాల్సిన కొక్కెం ‘శ’ నెత్తికి ఎగిరి ‘నిదేర్శ్’ అయింది. దిద్ది మళ్ళీ పంపితే, "అక్కర్లేదు, అందరికీ పంచేశాం" అన్నారు. అందరికీ అంటే ఎంతమంది నటులు పిన్నీ?

సీరియల్ పేరు చెబితేనే ఇక పని చేస్తానని మెసేజ్ పెట్టాను. ఆ రోజు నుంచి ఆ ఫోను పలకడం లేదు. ఈయనతో అంటే "డబ్బిచ్చారు, పనైపోయింది, ఊరుకో" అంటున్నారు. మీరేమంటారో వెంటనే రాయండి.

విజయదుర్గ


ఏలూరు,
ఆగస్టు 7.

చి. విజయదుర్గకు,

నీ ఉత్తరం అందింది. విప్పి చదివే వీలు చిక్కలేదు. అల్మరా మీద పెట్టాను.

నేను బాగానే ఉన్నాను. కొన్నాళ్ళు నాకు ఫోను చెయ్యవద్దు. రావద్దు కూడా. ట్యూషన్ పిల్లలకి సెలవు చెప్పేశాను. ఇది పిల్లల కాపీలు దిద్దుతున్నానని చెప్పి రాస్తున్నాను, అందుకే పొట్టిగా ఉంటుంది.

ఇంటి కాగితాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నా తరవాత నీకే. రేపు ఎవరైనా నా గురించి ఏదైనా అంటే నమ్మవద్దు. నేను ఎవరికీ ఏ పార్సిలూ పంపలేదు. మీ బాబాయి మీద ఒట్టు.

ఈ మధ్య ఒక పెద్ద అధికారితో హిందీలో మాట్లాడవలసి వచ్చింది. ఎంత మర్యాద, ఎంత చక్కని హిందీ. ఒక్క తప్పు లేదు. అలాంటి హిందీ మాట్లాడేవాడు అబద్ధం చెప్పడు. ఒక్క ‘నిర్దేశ్’ అనే మాట మాత్రం ఎప్పుడన్నా ‘నిదేర్శ్’ అంటాడు. అంత చదువుకున్నవాడు అలా ఎందుకంటాడో తెలియదు. దిద్దడానికి ధైర్యం చాలలేదు.

శేషారత్నం చేత పోస్టు చేయిస్తున్నాను. చదివి చింపెయ్యి.

పిన్ని


ఏలూరు, మీ ఎదురింటి అరుగు మీద నుంచి,
ఆగస్టు 9.

పిన్నీ,

కిటికీలోంచి "ఒంట్లో బాగోలేదు, వెళ్ళిపో" అన్నారు. నేను వెళ్ళలేదు. శేషారత్నం గారి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. పాలగిన్నె మూత కింద పెట్టి పంపుతున్నాం. గిన్నె వంటింట్లోకి తీసుకువెళ్ళి చదవండి. ఆ కాగితాల్లో ఉన్నట్టే వీడియో కాల్ ఆపనివ్వకుండా మిమ్మల్ని చూస్తున్నవాడికి ఇది కనబడినా ఫరవాలేదు. వాడికి తెలుగు రాదు.

వాడు అధికారి కాదు. సీరియలూ లేదు, నటులూ లేరు. వాడు చదువుతున్నది నేను టైపు చేసిన కాగితం. ‘నిదేర్శ్’ నా తప్పు. వాడు కాగితంలో ఎలా ఉంటే అలా చదువుతున్నాడు, అంతే. ఒంటరిగా ఉండే మనిషి కాపీలు దిద్దుతున్నానని ఎవరికి చెప్పి ఉత్తరం రాస్తుందా అని అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఇంకాస్త కింద ఆ మాట కనబడింది. మళ్ళీ చదవలేకపోయాను, ఈయన చదివి పెట్టారు.

నా మాట నమ్మకపోతే వినండి. మీ పేరున మత్తుమందుల పార్సిల్ పట్టుబడిందని మొదలుపెట్టి ఉంటాడు. "కృపయా కిసీ కో న బతాఎఁ" అని ఉంటాడు. అది మీరు దిద్ది ఇచ్చిన వాక్యం పిన్నీ. ఇప్పుడు బ్యాంకులో ఉన్నదంతా పరిశీలన కోసం పంపమంటున్నాడా? మీరు తటపటాయిస్తే పై అధికారి అని ఇంకొకడు వస్తాడు. వాడు కోప్పడడు, జాలిపడతాడు.

ఒక్క పని చెయ్యండి. వాడి ఎదుట ఏడవండి. "పానీ పీ లీజియే, మాఁజీ" అంటాడు. సరిగ్గా ఆ మాటే అంటాడు. అది కుడి పక్క వరసలో మూడోది.

నేను ఇక్కడే ఉంటాను. చీకటి పడినా కదలను.

విజయ


విజయా,

ఏడ్చాను. ఏడవడానికి ప్రయత్నం చెయ్యక్కర్లేకపోయింది. "పానీ పీ లీజియే, మాఁజీ" అన్నాడు.

ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. లోపల నుంచి పిలుస్తూనే ఉన్నాడు. గొళ్ళెం దాకా వచ్చాను గానీ చెయ్యి లేవడం లేదు. తలుపు తీస్తే బయట పోలీసులుంటారని చెప్పాడు. ఈ చీటీ కిటికీలోంచి పడేస్తున్నాను. నువ్వు బయటి నుంచి నన్ను గట్టిగా పిలు. నీ గొంతు వింటే తీస్తాను.


ఏలూరు,
ఆగస్టు 26.

చి. విజయదుర్గకు పిన్ని ఆశీస్సులు.

నువ్వు నన్ను పోలీసు స్టేషనుకి తీసుకువెళ్ళినప్పుడు ఎస్.ఐ. ప్రసాదరావు గారు అడిగినవన్నీ చెప్పాను. నీకు చెప్పవలసినవి వేరే ఉన్నాయి. నీ మొహం చూస్తూ చెప్పలేకపోయాను.

ఆ ఫోను పప్పు డబ్బాకి ఆనించి ఉండేది. నేను వంట చేస్తే చూసేవాడు. తింటే చూసేవాడు. పడుకునేటప్పుడు మంచం వైపు తిప్పుకోమనేవాడు. చీర మార్చుకోవడానికి అనుమతి అడిగాను విజయా, ఈ వయసులో, నా ఇంట్లో. "అవశ్య, మాఁజీ" అని గౌరవంగా ఒప్పుకున్నాడు. ఆ గౌరవానికి నేను కృతజ్ఞతగా దణ్ణం పెట్టాను.

ఆ కొన్ని రోజుల్లోనే నాకు ఇంకో లోకం లేకుండా పోయింది. వీధిలో ఆటో ఆగితే నా కోసమే అనుకునేదాన్ని. నీ ఉత్తరం అల్మరా మీద కనబడుతూనే ఉండేది. విప్పితే నిన్నూ ఇందులోకి లాగినట్టవుతుందని ముట్టుకోలేదు. అందులో అంతా రాసే ఉంచావు. మొన్న చదివాను.

"కృపయా కిసీ కో న బతాఎఁ" అని వాడు మొదటిసారి అన్నప్పుడు ఎక్కడో విన్న మాటే అనిపించింది. నేను చెప్పిన మాటే అని తోచలేదు. భయం వేస్తే మన మాటే మనకి పరాయిదైపోతుందమ్మా. జీవితమంతా పిల్లలకి మంచి హిందీ మంచివాళ్ళ లక్షణమని చెప్పాను. దాన్నే నమ్మి పడ్డాను.

పొదుపు ఖాతాలో ఉన్నది మొదటి రోజే పోయింది. డిపాజిట్లు నువ్వు వచ్చిన మర్నాడు తీయించవలసి ఉంది, అవి నిలిచాయి. పోయినదాని కోసం ఏడవడం లేదు. మధ్యమ పిల్లలు మళ్ళీ వచ్చారు. పాఠంలో ‘కృపయా’ రాగానే పుస్తకం మూసేశాను. తలనొప్పి అని చెప్పి పంపేశాను.

నిన్ను నువ్వు తిట్టుకుంటూ కూర్చోకు. టైపు నీది, దిద్దుబాటు నాది.

పిన్ని


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 11.

పిన్ని గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక షాపు తాళం తీయాలనిపించలేదు. అయినా తీశాను, మూసేస్తే ఎందుకు మూశావని అందరూ అడుగుతారు.

నా కంప్యూటరు పోలీసుల దగ్గరే ఉంది. నన్ను సాక్షిగానే రాసుకున్నామని ప్రసాదరావు గారు అన్నారు. కానీ స్టేషనులో ఒక కానిస్టేబుల్ "ఈవిడేనా టైపు చేసింది" అని అడిగిన తీరు నా చెవిలోంచి పోవడం లేదు. అద్దెకి తెచ్చిన కంప్యూటరు మీద పెళ్ళి పత్రిక కొడుతుంటే వేళ్ళు ఆగిపోతున్నాయి. ఆ వాక్యాలు వేళ్ళలోనే కూర్చున్నాయి పిన్నీ. ‘ఏడిస్తే’ అని కొట్టిన వేళ్ళు ఇవే కదా అనిపిస్తుంది.

మంగళవారం మళ్ళీ ఫోను వచ్చింది. వేరే నంబరు, వేరే గొంతు. "మేడమ్, హిందీ బాగా కుదిరింది. ఇప్పుడు తెలుగులో కావాలి. మీ జిల్లాలో మాట్లాడుకునే తెలుగు, ‘అండీ’ అనే తెలుగు" అన్నాడు. "ఆలోచించుకోండి" అని, కాసేపటికి ఒక ఫొటో పంపాడు. మా షాపు బోర్డు, దాని కింద నేను. ఆ చీర నేను పోయిన నెలలో కొన్నది.

ప్రసాదరావు గారికి వెంటనే చూపించాను. జవాబివ్వవద్దని నంబరు రాసుకున్నారు. ఆయన నరసరాజు గారిని పిలిపించి అడిగితే సంగతి తేలింది. "లారీ కాగితాలకి వచ్చినప్పుడు తీశానండీ. మీకు డబ్బు పంపాలి, షాపు ఫొటో కావాలని ఆ సక్సేనా అడిగితే పంపాను. ఎవరో పెద్ద పార్టీ అనుకున్నానండీ" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. అదే నాకు ఎక్కువ భయం. మనకి తెలిసినవాళ్ళ కళ్ళతోనే వాళ్ళు మనల్ని చూస్తున్నారు.

వాళ్ళకి నేను కాకపోతే ఇంకొకరు తెలుగులో రాసి ఇస్తారు. ఈపాటికి రాస్తూనే ఉండవచ్చు. అందుకని వాళ్ళకంటే ముందు నేనే తెలుగులో రాశాను. ఒక కరపత్రం. ఆ కాగితాల్లో ఉన్న వరసంతా గుర్తున్నంత వరకు పెట్టాను. "మీ పేరున పార్సిల్ పట్టుబడిందంటారు. దయచేసి ఎవరికీ చెప్పకండి అంటారు. ఏడిస్తే మంచినీళ్ళు తాగమంటారు. అమ్మా అంటారు." ఇలా. ఉల్లిపాయల మార్కెట్‌లో, స్టేషను దగ్గర, మండవల్లి షెడ్లలో పంచాలని. ప్రసాదరావు గారు చదివి మంచిదే అన్నారు.

కానీ అచ్చువేసినవారి పేరు కింద ఉండాలి. అంటే నా షాపు పేరు. ఈయన రెండు రోజులుగా సరిగా భోజనం చెయ్యడం లేదు. "మనం కొట్టు పెట్టుకుని బతికేవాళ్ళం, వాళ్ళకి మన గుమ్మం తెలుసు" అంటున్నారు. ఆయనది పిరికితనం అనలేను. నాకూ అంతే భయంగా ఉంది. ప్రూఫు పంపుతున్నాను. వెయ్యమంటారా, చింపెయ్యమంటారా? మీరు ఏదంటే అది.

విజయదుర్గ


ఏలూరు,
సెప్టెంబరు 15.

చి. విజయదుర్గకు పిన్ని ఆశీస్సులు.

ప్రూఫు చదివాను. రెండు చోట్ల అచ్చుతప్పులున్నాయి, గుర్తు పెట్టాను. ‘మంచినీళ్ళు’ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నాకు భయం పోయిందని రాయను. ఫోను మోగితే ఇప్పటికీ ముందు పప్పు డబ్బా వైపు చూస్తాను. నిన్న కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషి తలుపు తడితే శేషారత్నాన్ని పిలిచే దాకా తీయలేదు. అల్లుడుగారి భయం నాకు తెలుసు. ఆయన్ని ఏమీ అనవద్దు.

నేను మూడు రోజులు ఆలోచించాను. వాళ్ళు నన్ను పట్టి ఉంచింది గొళ్ళెంతో కాదమ్మా. తలుపు నా చేతిలోనే ఉంది. నలుగురికీ తెలిస్తే పరువేమవుతుందన్న సిగ్గుతో పట్టి ఉంచారు. ఎస్.ఐ. గారు ఒక మాట చెప్పారు. ఈ జిల్లాలో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారట, మా పేర్లు రాయకండని బతిమాలి వెళ్ళిపోయారట. రిటైరైన ఇంజనీరు ఒకాయన భార్యకి కూడా చెప్పలేదట. నేనూ అలాగే చేద్దామనుకున్నాను. బంధువులకి ఎవరికీ చెప్పవద్దని నీ చేత మాట తీసుకున్నాను కదూ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కరపత్రం వెయ్యి. నీ షాపు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటే చాలు. చదివేవాడి కన్ను దాని మీద పడకుండా నేను చూస్తాను. ‘అంటారు, అంటారు’ అని నువ్వు రాసినదంతా అయ్యాక ఈ రెండు వాక్యాలు కలుపు: "ఇవన్నీ నాతో అన్నారు. నేను నమ్మాను."

దాని కింద నా పేరు పూర్తిగా ఉండాలి. రత్నమాల, రిటైర్డ్ హిందీ పండిట్, ఏలూరు. వీధి పేరు కూడా వెయ్యి. ఎవరికైనా అలాంటి ఫోను వచ్చి, ఇంట్లోవాళ్ళకి చెప్పుకోలేకపోతే నా దగ్గరికి రావచ్చని వెయ్యి. నా పాత శిష్యులు చూసి నవ్వితే నవ్వనీ. వాళ్ళ అమ్మానాన్నలు కూడా చూస్తారు.

నాకు రెండు వందల కాగితాలు పంపు. మధ్యమ పిల్లల చేతికి నేనే ఇస్తాను, ముందు వాళ్ళకి చదివి వినిపించి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. కళ్ళజోడు వెతుక్కోకుండా చదవగలగాలి.

ఆశీస్సులతో
పిన్ని